ఇంటి కుక్కకు ముద్ద యెంత?

మన మహాభారతమునకు రెండు కొసలయందును ఒక్కొక్క కుక్క యున్నది. ఆదిపర్వమున తొలికథలలో నొకటి సరమ కథ. జనమేజయుని యజ్ఞశాలకు ఆడుకొనుటకై వచ్చిన సారమేయుని రాజు తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. తల్లి సరమ రాజసభకు వచ్చి న్యాయమడిగినది. కడపట మహాప్రస్థానమున భార్యయు తమ్ములును పడిపోయిన పిమ్మట ధర్మరాజు వెంట నిలిచినదియు కుక్కయే. అట్టి జంతువునకు మన యింట ఏమి పెట్టుచున్నాము, ఎంత పెట్టుచున్నాము అని లెక్క చూచిన గృహస్థు లెందరు? ఎద్దునకు ఉలవలెన్నో, పాడి గేదెకు తవుడెంతో, చూలావునకు ఏ నెలలో ఏమి తగ్గింపవలెనో పెద్దలకు కంఠస్థము. ఏనుగులకు పాలకాప్యుడును, గుఱ్ఱములకు శాలిహోత్రుడును శాస్త్రములు చెప్పిరి. మన తెలుగున మనుమంచి భట్టు హయలక్షణవిలాసము వ్రాసెను. కుక్కకు మాత్రము విస్తరిలో మిగిలినదే శాస్త్రము.

ఆ శాస్త్రము చాలకాలము బాగుగనే నడచినది. దానికి కారణము కుక్క పెరిగిన తీరు. పోలవరమునకు ఎగువను గోదావరి గట్టున, పాపికొండల వైపున ఉన్న పల్లెలలో కుక్కను కట్టివేయుట యెవరును ఎఱుగరు. తెల్లవారగనే అది మేకల వెంట కొండకు పోవును. మధ్యాహ్నము రేవున పడవలవారి చుట్టు తిరుగును. చీకటి పడిన తరువాత ఇంటికి వచ్చి చద్దియో గంజియో త్రాగి వాకిట పండుకొనును. పెట్టినది కొంచెము, పరుగెత్తినది ఎక్కువ. కావున ఆ కుక్క సన్నగా, నడుము నొక్కినట్లుగా ఉండెడిది. ఊరకుక్క బక్కదని మన మనుకొంటిమి గాని, పశువైద్యుల కంటికి అది సరియైన శరీరము.

ఆనకట్ట నిర్మాణముతో ఆ పల్లెలు కదలినవి. పైడిపాక, దేవరగొంది, మామిడిగొంది, తోటగొంది మొదలగు గ్రామములవారు లేచి కాలనీలకు వచ్చిరి. 2021 జూన్ నెలలో గోదావరి ప్రవాహమునే స్పిల్‌వే మీదుగా మళ్లించిరి. ఇండ్ల లెక్క, భూముల లెక్క, పరిహారముల లెక్క అందఱును మాటలాడిరి. ఆ తగవులు నా విషయము కావు. ఇంటితోపాటు వచ్చిన కుక్క సంగతి మాత్రము నే నెఱిగినంత చెప్పెదను.

నే నెఱిగిన యొక కుటుంబమువారు అట్లు కాలనీకి వచ్చినవారే. వారితో ఒక వృద్ధురాలును, మోతీ యను కుక్కయు వచ్చినవి. కాలనీలో ఇంటికి ఇల్లు ఆనుకొని యుండును. మేకలు లేవు, కొండ లేదు. ఇరుగుపొరుగువారు పిల్లలను కఱచునేమో యని భయపడిరి. కావున మోతీని అరుగుమీద గొలుసుతో కట్టిరి. కట్టివేసిన కుక్కను చూచి అందఱికిని జాలి కలిగినది. ఆ జాలి యంతయు ముద్దల రూపమున దాని పళ్లెములో పడినది. రెండేండ్లలో అది పీపావలె అయ్యెను. చూచినవారు "బాగా సాకుతున్నారండీ" అనెడివారు. ఇంటివారు సంతోషించెడివారు.

ఒక రోహిణి కార్తెలో, మధ్యాహ్నపు వడగాలిలో, ఆ కుక్క నాలుక వెళ్లబెట్టి ఒగర్చుచు అరుగుమీద పడిపోయినది. లేపిన లేవలేదు. తడిగుడ్డలు కప్పి, ఆటోలో వేసికొని పశువుల ఆసుపత్రికి తీసికొనిపోయిరి. సాయము పట్టుటకు నేనును పోతిని. డాక్టరుగారు ముందు దాని వేడి తగ్గించి, ప్రాణము నిలబెట్టి, తరువాత కాటామీద పెట్టించిరి. 27 కిలోగ్రాములు తూగినది. ఆ యెముకలకు, ఆ యెత్తునకు 19 కిలోలుండవలెనని వారి మాట. అనగా ఎనిమిది కిలోల క్రొవ్వును, ఒక చిన్న బియ్యపు మూటంత బరువును, అది రాత్రింబవళ్లు మోయుచున్నది. కుక్కకు మనవలె ఒడలెల్ల చెమట పట్టదు. అది వేడిని ముఖ్యముగా ఒగర్పుతోనే బయటికి పంపవలెను. క్రొవ్వు దుప్పటివలె కప్పియున్నప్పుడు ఆ పని సాగదు. వేసవిలో బలిసిన కుక్కలు ముందుగా పడిపోవుటకు కారణ మిదియే.

అక్కడ డాక్టరుగారు చూపిన పరీక్ష యొకటి మీరందఱును ఇంటియొద్దనే చేయవచ్చును. చేయి చాచి, అరచేయి నేలవైపునకు త్రిప్పి, రెండవ చేతి వ్రేళ్లతో చేతి వెనుకభాగమును తడవుడు. ఎముకలు చేతికి తెలియును, కాని పైకి పొడుచుకొనిరావు. కుక్క ప్రక్కటెముకలను తడవినప్పుడు అట్లే తెలియవలెను. పిడికిలి బిగించి కణుపులను తడవినట్లుండెనా, అది చిక్కినది. అరచేతి మెత్తనను తడవినట్లుండెనా, అది బలిసినది. మఱియు పైనుండి చూచినప్పుడు ప్రక్కటెముకల వెనుక నడుము కనబడవలెను. ప్రక్కనుండి చూచినప్పుడు పొట్ట వెనుకకు పోను పోను పైకి ఎక్కవలెను. పశువైద్యులు దీనినే ఒకటి మొదలు తొమ్మిది వరకు అంకెలు వేసి లెక్కింతురు. నాలుగు, అయిదు మంచివి. తొమ్మిది మిక్కిలి స్థూలము. మోతీకి ఎనిమిది వేసిరి.

తరువాత వారడిగిన ప్రశ్న: "దీనికి తిండి పెట్టేది ఎవరు?" ఇంటి యజమాని తానే యనెను. కోడలు తాను రాత్రి మాత్రమే యనెను. పిల్లలు బిస్కత్తులు తప్ప మఱేమియు పెట్టమనిరి. వృద్ధురాలు మాటలాడలేదు. ఆ యింట ఆరుగురు. ప్రతివారును ఒక్కసారియే పెట్టుచున్నారు. కుక్క మాత్రము ఆరుసారులు తినుచున్నది. ఇది ఆ యింటి దోషమే కాదు. మీ యింట ఈ రాత్రి అందఱిని పిలిచి అడిగి చూడుడు.

ఇక బిస్కత్తుల లెక్క. శరీరమునకు చేరు శక్తిని కేలరీలతో కొలుతురు. విశ్రాంతిగా నున్న 19 కిలోల కుక్కకు దినమునకు సుమారు 640 కేలరీలు చాలును. పిల్లలు తినెడి చిన్న తియ్యని బిస్కత్తు ఒక్కొక్కటి రమారమి 25. దినమునకు పది వేసినచో 250 అగును. తిండిలో రెండు పాళ్లు, ఇంచుమించు అయిదింట, ఆటగా విసరిన బిస్కత్తులతోనే తీరిపోయినవి. చిన్న చెంచాడు నెయ్యి 45 వరకు ఉండును. వండిన అన్నము నూరు గ్రాములకు 130. చిరుతిండి యేదైనను మొత్తములో పదియవ వంతు మించకూడదని పశువైద్యుల నియమము.

డాక్టరుగారు ఆ కుక్కకు వ్రాసియిచ్చిన దినసరి తిండి యిది: వండిన అన్నము 200 గ్రాములు, ఎముక తీసి ఉప్పుకారములు లేక ఉడికించిన కోడిమాంసము 150 గ్రాములు, ఉడికించిన గ్రుడ్డొకటి, కడుపు నిండుటకు గుమ్మడికాయ ముక్కలు ఒక పిడికెడు. దీనిని రెండు పూటలుగా పంచవలెను. ఇంటి వంటలో సున్నపు ధాతువును, మఱికొన్ని ఖనిజములును, విటమినులును కొఱవడును గనుక వానికై పొడి యొకటి వేఱుగా ఇచ్చిరి. ఇది మోతీకి వ్రాసినది. మీ కుక్కకు కాదు. పెరుగు వయసు పిల్లకు, చూలుతో నున్నదానికి, పాలిచ్చుదానికి ఇంతకంటె ఎక్కువ కావలెను. విత్తుకొట్టించినదానికి తక్కువ చాలును. ఆ శస్త్రచికిత్స తరువాత శరీరపు ఖర్చు నాలుగింట నొకవంతు వఱకు తగ్గవచ్చును. ఆపరేషను మూలమున కుక్క లావెక్కినదని నిందించెదరు. అది పాక్షిక సత్యము. తగ్గింపని పళ్లెము కూడ కారణమే.

ఇంకొక మాట. మన యూళ్లలో అన్నము మజ్జిగ కలిపి పెట్టుటయే వాడుక. అందులో పొట్ట నిండును గాని మాంసకృత్తులు చాలవు. అట్టి కుక్క లావుగ నుండియు బలహీనముగ నుండును. కండ కరిగి క్రొవ్వు పెరుగును. లావు వేఱు, పుష్టి వేఱు అని పెద్దలు మనుష్యుల విషయమున చెప్పునదే ఇక్కడను చెల్లును.

తగ్గించుటలో తొందరపడరాదు. వారమునకు శరీర బరువులో నూటికి ఒకటి, మిక్కిలియైనచో రెండు వంతులు మాత్రమే తగ్గవలెను. 27 కిలోల కుక్కకు అది పావుకిలో మొదలు అరకిలో వఱకు. నడకయు అట్లే. మొదటి దినముననే మైలు దూరము పరుగెత్తించినచో కీళ్లు చెడును, ఎండకు ప్రాణమే పోవచ్చును. ప్రొద్దున సూర్యోదయమునకు ముందును, సాయంకాలము నేల చల్లారిన తరువాతను పది నిమిషములతో ఆరంభింపవలెను. తారురోడ్డుపై మీ చేతి వెనుకభాగము అయిదు క్షణములు ఆన్చలేకున్నచో కుక్క పాదములకును అది తగదు.

ఇంత శ్రమ దేనికని యడుగువారు కలరు. అమెరికాలో 48 లాబ్రడారు కుక్కలను ఒక పరిశోధనకై పెంచిరి. ఒకే యీతలో పుట్టినవానిని జతలు చేసి, జతలో నొకదానికి రెండవదానికంటె నాలుగింట నొకవంతు తిండి తక్కువ పెట్టిరి. పదునాలుగేండ్లకు పైగా లెక్కలు వ్రాసి 2002లో ఫలితములు ప్రకటించిరి. ఎక్కువ తిన్నవాని మధ్యస్థాయుర్దాయము 11 సంవత్సరముల చిల్లర. తక్కువ తిన్నవానిది 13. కీళ్లవాతము కూడ వానికి ఆలస్యముగ వచ్చినది. కుక్క బ్రతుకు పదునొకండేండ్లలో రెండేండ్లు తక్కువ కాలము కాదు.

లావుగా కనబడునదంతయు క్రొవ్వు కాదని కూడ తెలియవలెను. పొట్ట ముందుకు వచ్చి, వీపుమీది యెముకలు పైకి తేలినచో అది పురుగుల వలననో, గుండె కాలేయముల జబ్బుచే కడుపున నీరు చేరుటవలననో కావచ్చును. వెండ్రుకలు పలుచబడి, మందముగా నుండి, తిన్నది కొంచెమైనను బరువెక్కుచున్నచో కంఠముననున్న థైరాయిడ్ గ్రంథి లోపము కావచ్చును. ఎక్కువ నీరు త్రాగుచు, బాగుగ తినుచునే చిక్కిపోయినచో మధుమేహము ననుమానింపవలెను. గోమారుల మూలమున వచ్చు జ్వరములును కుక్కను చిక్కింపచేయును. ఇవి చేతితో తడవి తేల్చుకొనదగినవి కావు. రక్తపరీక్ష కావలెను. తిండి తగ్గించుటకు ముందు పశువైద్యునికి చూపుమని చెప్పుట అందులకే. నీరు పట్టిన పొట్టను క్రొవ్వని తలంచి కుక్కను పస్తుంచినవారిని నే నెఱుగుదును. ఆ ఫలితము చెప్పనక్కఱలేదు.

పెట్టకూడనివి కొన్ని కలవు. ఉల్లియు వెల్లుల్లియు కుక్క రక్తకణములను చెఱచును. పులుసులోను, కూరలోను ఉడికినంతమాత్రమున ఆ గుణము పోదు. ద్రాక్షలును ఎండు ద్రాక్షలును మూత్రపిండములను చెఱచును. ప్రసాదపు చక్కెరపొంగలిలో అవి యుండునని మఱవకుడు. చాకొలేటు గుండెకును నరములకును విషము. చక్కెర లేని నములుడు బిళ్లలలో వాడు జైలిటాల్ అను తీపి ఇంకను ప్రమాదము. వండిన కోడియెముకలు చీలి సూదులై ప్రేగులను చీల్చును. ఇక మన గోదావరి పులస! దాని రుచిని గుఱించి నేను చెప్పనేల, దాని ముండ్లను గుఱించి చెప్పెదను. ముండ్లతో కూడిన తలను కుక్కకు విసరుట పుణ్యము కాదు. ఆవకాయ కలిపిన అన్నము, ఉప్పుచేప అసలే వలదు.

పిల్లి సంగతి వేఱు. కుక్క మనతో కలిసి అన్నము తినుట నేర్చినది. పిల్లి నేర్వలేదు. దానికి మాంసమో చేపయో ఉండి తీరవలెను. మాంసములో దొరకు టారిన్ అను పదార్థము లేనిచో దాని కన్నులును గుండెయు చెడును. పాలన్నముతోనే పిల్లిని పెంచుట మన వాడుక. ఎదిగిన పిల్లులలో చాలవానికి పాలు అరుగవు, విరేచనములగును. అన్నిటికంటె ముఖ్యమైన దొకటి: లావెక్కిన పిల్లిని సన్నబఱచుటకై పస్తుంచరాదు. రెండు మూడు దినములు తిననిచో దాని క్రొవ్వంతయు కాలేయమున చేరి ప్రాణము తీయును. కుక్కకంటె పిల్లిని మెల్లగా, వైద్యుని కనుసన్నలలోనే తగ్గింపవలెను.

ఉపన్యాసము కుక్కను గుఱించియైనను ఆవును గుఱించి ఒక్క మాట చెప్పక విడువలేను. డెల్టా గ్రామములలో పెండ్లి జరిగిన మఱునాడు మిగిలిన అన్నము గంపలతో పశువుల తొట్టిలో పోయుదురు. ఆశతో ఆవు మితిమీఱి తినును. ఆ పిండిపదార్థము దాని పెద్దపొట్టలో పులిసి ఆమ్లముగ మాఱును. నెమరు ఆగును, కడుపు నిండి కదలదు, నీళ్ల విరేచనములగును, పశువు తూలి పడిపోవును. ఒక్క దినములో చచ్చినవి కలవు. పుణ్యమని పెట్టినది పాపమైన సందర్భము. అట్లు తిన్నదని తెలిసిన గడియలోనే డాక్టరును పిలువవలెను. నెమరు ఆగిన తరువాత చూతమనుకొనరాదు.

వరదల తరువాతి తిండియు నిట్టిదే. 2022 జూలైలో భద్రాచలమువద్ద గోదావరి 71 అడుగులు దాటినప్పుడు దిగువ పల్లెలలో ఎన్నియో జంతువులు దినముల తరబడి ఆకలితో మిట్టలమీద నిలిచినవి. నాలుగైదు దినములు తినని కుక్కకు ఒక్కమాఱుగా కడుపునిండ పెట్టుట దయవలె కనబడును. కాని శరీరములోని లవణములు తారుమాఱై గుండె ఆగవచ్చును. మొదట నీరు, పిమ్మట కొంచెము కొంచెముగ దినమునకు అయిదాఱు సారులు, మూడు నాలుగు దినములలో పూర్తి తిండి.

మీ యూర పశువైద్యశాలలో కుక్కను తూచు కాటా లేనిచో ధాన్యపు కాటా చాలును. లేదా ఒకరు కుక్కనెత్తుకొని తూగి, తరువాత తాము మాత్రము తూగి, తీసివేత చేసికొనవలెను. నెలకొకసారి, ఒకే కాటామీద, ప్రొద్దున తిండికి ముందు తూచి గోడమీది పంచాంగపు కాగితముపై వ్రాయుడు. పశువైద్యశాల దూరమైనచో ఆంధ్రప్రదేశమున 2022 మే నెల నుండి తిరుగుచున్న సంచార పశువైద్య వాహనములను 1962 అను సంఖ్యకు పిలువవచ్చును. పెద్ద పరీక్షలకు గన్నవరమున 1998లో ఏర్పడిన పశువైద్య కళాశాల కలదు. వెఱ్ఱికుక్క వ్యాధికి టీకా మూడు నెలల వయసున వేయింపవలెను. బరువు తూయుటకు పోయినప్పుడు ఆ సంగతియు అడుగుడు.

మోతీ మొదటి రెండు నెలలు చక్కగా తగ్గినది. శ్రావణము వచ్చుసరికి కాటా ముల్లు ఒక్కచోటనే నిలిచిపోయినది. ఇంటివారు కొలత తప్పలేదని ప్రమాణము చేసిరి. పరీక్షలలో ఏ రోగమును లేదు. డాక్టరుగారు ఆ వృద్ధురాలిని దగ్గఱ కూర్చుండబెట్టుకొని మెల్లగ అడిగిరి. ఆమె కొంతసేపటికి చెప్పినది: "నా కంచంలోది పెడతాను బాబూ. ఆ ఊళ్లో నన్నెరిగింది ఇంక ఇదొక్కటేగా. నా వంక చూస్తా ఉంటాది." ఆమె తినగా మిగిలినది కాదు, తాను తినక పెట్టినది. కుక్క తగ్గకుండుటకును, ఆమె చిక్కిపోవుటకును కారణ మొక్కటియే యని అప్పుడు తెలిసినది. నేనైనచో కోపపడియుందును. వైద్యులు కోపపడలేదు. ఇకమీదట కొలత గిన్నె ఆమె చేతిలోనే ఉండవలెననియు, మఱెవ్వరును కుక్కకు గింజయైన పెట్టరాదనియు, రెండు పూటలును ఆమెయే పెట్టవలెననియు కట్టడి చేసిరి. తానును భోజనము చేసిన తరువాతనే గిన్నె తీయవలెనని మఱియొక నిబంధన చేర్చిరి.

సంక్రాంతికి ధాన్యపు కాటామీద మోతీ ఇరువది కిలోల అయిదువందల గ్రాములు తూగెను. ఇంకను కిలోన్నర మిగిలియున్నది. ఆ సాయంకాలము నేను వారి యింటికి పోవునప్పటికి ఆ వృద్ధురాలు ఖాళీ గిన్నెను కుక్క ముక్కువద్ద బోర్లించి చూపి, "అయిపోయింది, చూడు. ఇంక నన్నడక్కు. పద, రేవు దాకా పోయొద్దాం" అనుచు గొలుసు విప్పుచుండెను.